ఆ తొమ్మిది నెలలు

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక ఊరు. కుర్రాడు ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ముందు నిద్ర తగ్గింది, తర్వాత క్లాసుకి పోవడం మానేశాడు, ఆ తర్వాత ఫోన్లోంచి ఎవరో తన మాటలు వింటున్నారని సిమ్ పీకి నీళ్ల గ్లాసులో వేసేసేవాడంట. హాస్టల్ వాళ్లు తీసుకుపొమ్మన్నారు. ఊళ్లో చిల్లంగి అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు, కోళ్లు కోశారు, తల్లి చెవి దిద్దులు తాకట్టుకెళ్లాయి. "మా గుంటడు పిచ్చోడు కాడు బాబూ, ఏటో భయపడిపోతన్నాడు" అని మాతో చెప్తూ ఆ తల్లి మాత్రల కవరు ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. డాక్టర్ దగ్గరికి చేరేసరికి తొమ్మిది నెలలు అయిపోయాయి.

దీన్ని డాక్టర్లు సైకోసిస్ అంటారు. లేని మాటలు వినపడతాయి, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనిపిస్తుంది, ఎక్కువగా పదిహేను పదహారేళ్ల నుంచి ముప్ఫై లోపే మొదలవుతుంది. మందు పడకుండా ఎంత కాలం గడిస్తే కోలుకోవడం అంత కష్టమని దేశదేశాల్లో డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. ఆస్ట్రేలియాలో పాట్రిక్ మెక్‌గోరీ అనే సైకియాట్రిస్టు, ఆయన టీమ్ కలిసి 1992లోనే మెల్‌బోర్న్‌లో మొదటిసారి జబ్బు పడ్డ యూత్ కోసం విడిగా క్లినిక్ పెట్టారు. మాత్రలతో పాటు కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్లకి అవగాహన, మళ్లీ కాలేజీకో పనికో పంపడం, అన్నీ ఒకే చోట. నిద్రపట్టక, అనుమానాలతో సతమతమయ్యే ప్రతి పిల్లాడికీ ఈ జబ్బు రాదు, ఆ మాట కూడా గట్టిగా చెప్పాలి, కానీ ఆ టైంలో మాట్లాడే మనిషి దొరికితే, చిన్న వయసులో గంజాయి జోలికి పోకుండా ఆపగలిగితే ముప్పు తగ్గుతుంది.

మరి మన జిల్లాలో ఆ మనిషి ఎక్కడున్నాడు? ఇచ్ఛాపురం నుంచి విశాఖ మెంటల్ ఆస్పత్రికి రెండొందల కిలోమీటర్ల పైమాటే. పోవడానికి ఒక రోజు కూలి, రావడానికి ఇంకో రోజు కూలి, తోడు వెళ్లినవాళ్ల కూలి కూడా పోతుంది. డబ్బున్న ఇంటి పిల్లాడు వారంలో ప్రైవేట్ డాక్టర్ని చూస్తాడు, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదకి పోయిన మత్స్యకార కుర్రాడికి జబ్బొస్తే రైలెక్కించి పంపేస్తారు, మెళియాపుట్టి కొండల్లో సవర పిల్లకి తన భాషలో "ఏం వినపడుతోంది అమ్మా" అని అడిగేవాళ్లే ఉండరు. ఆడపిల్లయితే ఇంకా ఘోరం, పెళ్లి చేస్తే కుదురుకుంటుందని చేసేస్తారు, అత్తారింట్లో బయటపడ్డాక పుట్టింటికి తోలేస్తారు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ఈ జబ్బున్నవాళ్లని దూరాలు తిప్పకూడదు, ఇంటికి దగ్గర్లోనే వైద్యం అందాలి, కులం, వర్గం, ఆడా మగా తేడా చూపకూడదు అని స్పష్టంగా రాసింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. కాగితం మీద కొరతేం లేదు.

ఉద్దానం కిడ్నీ బాధితుల కోసం ఏళ్ల తరబడి అరిస్తేనే 2023లో పలాసలో 200 పడకల ఆస్పత్రి వచ్చింది. ఈ జబ్బుకి అంత పెద్ద బిల్డింగ్ అక్కర్లేదు. టెక్కలి, పలాస, సోంపేట ఆస్పత్రుల్లో వారానికి ఒక రోజు సైకియాట్రిస్టు కూర్చోవాలి, నెల మాత్రలు పీహెచ్‌సీలోనే దొరకాలి, ఆశా అక్కలకీ జూనియర్ కాలేజీ లెక్చరర్లకీ మొదటి గుర్తులు నేర్పాలి, కొండ ఊళ్లకి సవర భాష వచ్చినవాళ్లని వేయాలి. కలెక్టర్ గారు, ఎమ్మెల్యేలు దీనికి తేదీ చెప్పాలని అడుగుతున్నాం. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్ ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, హాస్టల్ గోడల మీద పెద్దక్షరాలతో రాయించడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఆ కుర్రాడు ఇప్పుడు నిద్రపోతున్నాడు, అన్నం తింటున్నాడు. పుస్తకాలు బయటకి తీశాడంట. మాత్రలు ఇంకో పదకొండు రోజులకి ఉన్నాయని తల్లి లెక్కపెట్టి చెప్పింది.