ఏం చెయ్యదండీ, ఆడుకుంటోంది!

కుక్కల మనసులో ఏముందో తెలుసుకోవడానికి దేశదేశాల శాస్త్రవేత్తలు నానా తంటాలు పడుతున్నారు. పాపం, వాళ్ళెవరూ విశాఖపట్నం వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే నాలుగు రోజుల్లో పని ముగించుకుని, సింహాచలం దర్శనం కూడా చేసుకుని వెళ్ళేవారు. ఎందుకంటే మా ఊళ్ళో ఆ శాస్త్రం మొత్తం రెండు వాక్యాల్లో ఉంది. కుక్క మెడకి గొలుసు ఉంటే, "ఏం చెయ్యదండీ, ఆడుకుంటోంది." గొలుసు లేకపోతే, "మున్సిపాలిటీ వాళ్ళు నిద్రపోతున్నారా?" మూడో వాక్యం అవసరం ఎంవీపీ కాలనీలో గానీ గాజువాకలో గానీ ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

మొదటి వాక్యానికి ప్రాక్టికల్స్ చూడాలంటే, బండ్లు ఆపేసే పొద్దుటి వేళ బీచ్ రోడ్డుకి వెళ్ళాలి. ఎదురుగా ఒక జర్మన్ షెపర్డ్. నోరు మూసుకుంది, ఒళ్ళు బిగుసుకుంది, చెవులు ముందుకొచ్చాయి, పైకి లేచిన తోక చిన్నగా వణుకుతోంది. వాకింగ్‌కొచ్చిన రిటైర్డ్ పెద్దాయన ఉన్నచోటే ఆగిపోతాడు. గొలుసు పట్టుకున్నాయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "తోక ఊపుతోంది కదండీ, మీరంటే ఇష్టం," అని హామీ ఇస్తాడు. తోక ఊగినంత మాత్రాన స్నేహం అనుకోకూడదట. ఇటలీ పరిశోధకులు 2007లో కొలిచి మరీ చెప్పారు. తన మనిషిని చూస్తే కుక్క తోక కుడివైపు ఎక్కువగా ఊగుతుందట, దబాయించే కొత్త కుక్కని చూస్తే ఎడమవైపు ఎక్కువగా ఊగుతుందట. కుక్క తోక వంకరని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఎటువైపు వంకరో చూసే తీరిక వాళ్ళకీ లేదు, మనకీ లేదు.

హస్కీల సంగతి వేరే. సైబీరియాలో చుక్చీలనే తెగవాళ్ళు మంచు మీద బండ్లు లాగించడానికి పెంచిన జాతి అది. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. అలాంటిదాన్ని మే నెలలో సిరిపురం ఫ్లాట్‌లో ఉంచడానికి ఎంత ధైర్యం కావాలి! (ధైర్యం కావలసింది హస్కీకి.) మనకి పట్టినట్టు దానికి ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త పడుతుంది. మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పితే, ఆ తడి ఆరితే దిగాలి. మన సముద్రపు ఉక్కలో దండెం మీద తువ్వాలే ఆరదు, ఇక నాలుకేం ఆరుతుంది? అయినా ఇంటివాళ్ళు ఫోటో తీసి స్టేటస్ పెడతారు, "మా బ్రూనోగాడు నవ్వుతున్నాడు" అని. కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు వాడు ఇంకా బాగా నవ్వుతాడు.

నడక విషయంలోనూ మనవాళ్ళకి ఒక విధానం ఉంది. బయల్దేరేది కుక్కని తిప్పడానికి, లెక్కపెట్టేది చేతి వాచీలో తమ అడుగులు. అది కరెంటు స్తంభం దగ్గర ఆగిందంటే గొలుసు లాగుతారు. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటే దాని ముక్కులో 20 కోట్లకి పైమాటే. అంత ముక్కున్న ప్రాణిని ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్ళో పెంచుతూ, దేన్నీ వాసన చూడనివ్వకుండా తిన్నగా నడిపించుకు రావడం సామాన్యమైన విషయమా? నిదానంగా వాసన చూస్తూ తిరిగితే కుక్క మనసు కుదుటపడుతుందని తెలిసినవాళ్ళు చెబుతారు. దాని మనసు కుదుటపడితే సరే, మన పది వేల అడుగులు ఎవరు పూర్తి చేస్తారు?

ఇక నేరం, శిక్ష. సోఫా చిరిగింది. సాయంత్రం అమ్మగారు ఆఫీసు నుంచి వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఎవర్రా ఈ పని చేసింది?" అనగానే కుక్క తల దించేస్తుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, చూపు తప్పిస్తుంది. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి? అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ తీర్పు మీద అప్పీలు వేసినంత పని చేసింది. తినొద్దన్న బిస్కెట్టు కుక్క తిన్నదో లేదో ఆమెకి తెలుసు. బయటి నుంచి వచ్చిన యజమానికి మాత్రం కొన్నిసార్లు కావాలనే తప్పు చెప్పింది. తేలిందేమిటంటే, ఆ తప్పు చేసిన ముఖానికి కారణం తప్పు కాదు, తిట్టు. పైగా ఏ పాపమూ ఎరగకుండా తిట్లు తిన్న కుక్కలే ఆ ముఖం మరీ ఎక్కువగా పెట్టాయి.

నిజానికి ఈ కేసు మన దగ్గర ఎప్పుడో నడిచింది. భారతం ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటే దేవతల కుక్క సరమ కొడుకు అక్కడికి వెళ్ళింది. జనమేజయుడి తమ్ముళ్ళు దాన్ని చావబాదారు. సరమ వచ్చి అడిగింది. నా బిడ్డ మీ హవిస్సు వంక చూడలేదు, నాకలేదు, ఎందుకు కొట్టారు? ఒక్కరూ బదులు చెప్పలేదు. ఊహించని భయం మీ మీదికి వస్తుందని శపించి అది వెళ్ళిపోయింది. బదులు చెప్పకపోవడమనే ఆ సంప్రదాయాన్ని మాత్రం మనం ఈనాటికీ కాపాడుకొస్తున్నాం. పొద్దున ఎనిమిదికి వేసిన తాళం రాత్రి ఏడుకి తీసే ఇంట్లో, ఒంటరితనానికి బెదిరిపోయిన కుక్క తలుపో సోఫానో కొరుకుతుంది. అమ్మగారు మాత్రం, "మా మీద కక్ష కట్టిందండీ," అంటారు. కక్ష పెట్టుకోవడానికి, పథకం వెయ్యడానికి, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి అమలు చెయ్యడానికి సరిపడా బుర్ర కుక్కకి ఉందని ఒప్పుకున్న మనిషే, దానికి దిగులు పట్టుకుందేమోనంటే, "కుక్కకి దిగులేంటండీ!" అని నవ్వుతారు.

మా అపార్టుమెంటు సెక్రటరీ గారిది 'ఆల్ఫా' సిద్ధాంతం. ఇంట్లో నాయకుడెవరో కుక్కకి తెలియాలని, ముందు తను తిని తర్వాత దానికి పెడతారు. గుమ్మం ముందు తనే దాటతారు. అప్పుడప్పుడు దాన్ని వెల్లకిలా పడేసి అదిమిపెడతారు. ఈ సిద్ధాంతానికి మూలం రుడాల్ఫ్ షెంకెల్ 1947లో జూలో బంధించిన తోడేళ్ళని చూసి రాసింది. దానికి బాగా ప్రచారం తెచ్చినవాళ్ళలో ఒకడైన డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ళని చూశాక 1999లో తనే సరిదిద్దాడు. మంద అంటే ఒక కుటుంబమేనట, నాయకులంటే అమ్మానాన్నలేనట. ఆ కబురు ఇంకా మద్దిలపాలెం దాటి రాలేదు. అయినా సెక్రటరీ గారికి వాళ్ళింట్లో టీవీ రిమోట్ మీద కూడా హక్కు లేదు. కుక్క మీద ఉన్న ఈ కాస్త పెత్తనం కూడా లాగేసుకుంటే ఆయన మానసిక సంక్షేమం ఎవరు చూస్తారు?

ఈమధ్య పుట్టినరోజులు మొదలయ్యాయి. బ్రూనోకి తగరపు టోపీ, మెడలో బో, ముందు కేకు, చుట్టూ పాతికమంది పిల్లలు. ఒకడు మెడ చుట్టూ చేతులు వేసి బిగించి కౌగిలించుకుంటాడు. బ్రూనో ఆవలిస్తాడు. పెదాలు నాక్కుంటాడు. ముఖం పక్కకి తిప్పుకుంటే కంటి తెల్లగుడ్డు బయటపడుతుంది. ఇలాంటివన్నీ, గొడవలొద్దు, కాస్త దూరం జరగండని కుక్క మర్యాదగా చెప్పడమేనంటుంది నార్వే శిక్షకురాలు టూరిడ్ రూగాస్. మన లెక్క ప్రకారం ఆవలింత అంటే నిద్ర, నాలుక అంటే కేకు మీద ఆశ, ముఖం తిప్పుకోవడమంటే సిగ్గు. "బాబూ, అది బెదిరిపోతన్నాది, ఒగ్గీయండి," అని వాచ్‌మన్ ఒక్కడే అన్నాడు గానీ, అతను ఏ కోర్సూ చెయ్యలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మర్యాద పనిచెయ్యకపోతే కుక్క గుర్రుమంటుంది. "పిల్లల మీద గుర్రుమంటావా!" అని ఒకటి తగిలిస్తారు. మళ్ళీసారి గుర్రుమనదు. ట్రైనింగ్ బాగా పట్టుబడిందని అందరూ సంతోషిస్తారు. తర్వాత ఎప్పుడో ఒకనాడు తిన్నగా కరుస్తుంది. "చెప్పాపెట్టకుండా కరిచిందండీ," అని ఊరంతా చెబుతారు. చెప్పినప్పుడు కొట్టిన సంగతి మినహాయించి. (కరిస్తే మాత్రం వేళాకోళాలు పక్కనపెట్టి, గాయాన్ని సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి. కారం, పసుపు, కాఫీపొడి వంటింట్లోనే ఉండనివ్వండి.)

దీపావళి రాత్రి మంచం కిందికి దూరిన కుక్కకి కూడా మా దగ్గర వైద్యం ఉంది. "దగ్గరికి తియ్యకండి, భయం అలవాటవుతుంది." దగ్గరికి తీసినందువల్ల భయం పెరగదని పశువైద్యులు చెబుతారు. వాళ్ళ మాట ఆ టపాసుల మోతలో వినిపించదు.

రెండో వాక్యానికి వస్తే, వీధికుక్కల శాస్త్రమంతా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది. ఒక పార్టీ రాత్రి పదకొండింటికి పక్కవాళ్ళ గేటు ముందు పెరుగన్నం పోసి, జీవుల మీద దయ చూపాలనే రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం ఫార్వర్డ్ చేస్తుంది. రెండో పార్టీ, ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఇచ్చిన ఉత్తర్వు పంపుతుంది. మొదటి పార్టీ ఆగస్టు 22న దాన్ని సవరించిన ఉత్తర్వు పంపుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక, రేబిస్ గానీ దూకుడు గానీ లేని కుక్కల్ని పట్టిన చోటే వదలాలనీ, తిండి పెట్టడానికి వార్డుల్లో విడిగా చోటు చూపించాలనీ అందులో ఉంది. పంపినవాళ్ళూ చదవలేదు, అందుకున్నవాళ్ళూ చదవలేదు. ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి కొస కత్తిరించిన కుక్క ఫోటో పెట్టి, "ఏ పాపాత్ముడో చెవి కోసేశాడు," అని ఒకరు, "చూశారా, ఎలా కొట్టుకుంటున్నాయో," అని ఇంకొకరు అరగంట వాదించుకుంటారు. చికెన్ కొట్టు చెత్తా, ఫంక్షన్ భోజనాల మిగులూ ఖాళీ స్థలంలో పారబోసేవాళ్ళు మాత్రం రెండు పార్టీల్లోనూ సమానంగా ఉన్నారు. ఆ విషయంలో ఎప్పుడూ గొడవ రాలేదు.

ఇదంతా చక్కబెట్టాలని మా అపార్టుమెంటువాళ్ళు కుక్కల ప్రవర్తన చదువుకున్న ఒక కుర్రాణ్ణి పిలిపించారు. గంటసేపు కూర్చున్నాడు. ఒక్క కుక్కని కూడా "సిట్" అనలేదు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు కదపొద్దన్నాడు. ఎవరూ రాని మూల ఒకటి దానికి వదిలెయ్యమన్నాడు. ఒంటరిగా ఉండటం కొద్దికొద్దిగా అలవాటు చెయ్యమన్నాడు. గుర్రుమంటే కొట్టకుండా దూరం జరగమన్నాడు. పిల్లలకి కౌగిలింతలు మాన్పించమన్నాడు. ఆ సాయంత్రమే అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టి, ఇకమీదట అతన్ని పిలవకూడదని ఏకగ్రీవంగా తీర్మానించింది. మినిట్స్ పుస్తకంలో కారణం సెక్రటరీ గారే స్వయంగా రాశారు. "ఫీజు కుక్క పేర తీసుకుని, పాఠములు సభ్యులకు చెప్పుట."