పెర్టినాక్స్‌ను 87 రోజులతో కాదు, 87 శాతంతో కొలవండి

క్రీ.శ. 193లో రోమ్‌ గద్దె కోసం ఐదుగురు పోటీపడిన కథ చరిత్ర చదివేవాళ్లకు తెలిసిందే. అందులో మొదటివాడైన పెర్టినాక్స్‌ను మాత్రం అందరూ ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: కమోడస్ చక్రవర్తి హత్య తర్వాత వచ్చాడు, 87 రోజులకే సొంత కాపలా సైనికుల చేతిలో చచ్చాడు. ఇది అన్యాయం. ఆయన వేయించిన దినారియస్‌లు, అంటే రోమన్ వెండి నాణేలు, వేరే మాట చెబుతున్నాయి.

కమోడస్ చివరి నాణేల్లో వెండి సుమారు 74 శాతం. పెర్టినాక్స్ దాన్ని దాదాపు 87 శాతానికి పెంచాడు. అప్పుడు ఖజానాలో మిగిలింది పది లక్షల సెస్టెర్స్‌లేనని (దినారియస్ కంటే చిన్న నాణేలు) పాత చరిత్ర చెబుతోంది, పైగా చక్రవర్తి కాపలా దళమైన ప్రిటోరియన్ గార్డుల్లో ఒక్కొక్కరికీ 12,000 సెస్టెర్స్‌లు ఇస్తానని మాటిచ్చాడు. అలాంటి ఇబ్బందిలో ఏ పాలకుడైనా వెండిలో ఇంకాస్త రాగి కలుపుతాడు, చూస్తే తెలియదు కదా. ఈయన కమోడస్ విలాస వస్తువులు వేలం వేసి డబ్బు తెచ్చాడు, నాణేన్ని మాత్రం బాగుచేశాడు.

అన్నీ ఒకేసారి మార్చబోయి ప్రాణం మీదకు తెచ్చుకున్నాడని ఆ కాలపు సెనేటర్ కాసియస్ డియో విమర్శ. తొందరపడ్డాడు, నిజమే. కానీ తొందర తప్పయినంత మాత్రాన చేసిన పని తప్పయిపోదు.

తర్వాత వచ్చినవాళ్లను చూడండి. ఆ గార్డులకు తలకు 25,000 సెస్టెర్స్‌లు ఇస్తానని సింహాసనాన్ని వేలంలో కొన్న డిడియస్ జూలియానస్, నాణెం మీద సైనికుల ఐకమత్యం అని వేయించి లోపల వెండి తగ్గించాడు. సెప్టిమియస్ సెవెరస్ అయితే పెర్టినాక్స్ పేరును తన పేరులో కలుపుకున్నాడు, ఆయన్ను దేవుణ్ని చేసి నాణేలు కూడా వేయించాడు, కొన్నేళ్లకే వెండిని సగం దగ్గరికి దించేశాడు. క్రీ.శ. 270 నాటికి వెండి నాణెం అనేదాంట్లో వెండి అయిదు శాతం కూడా లేదు.

నాణెంలో కల్తీ అంటే చాటింపు వేయకుండా వసూలు చేసే పన్ను. జీతగాడు, చిన్న వ్యాపారి ఎదురు చెప్పే అవకాశమే ఉండదు. దూరదేశపు వర్తకుడికి మాత్రం వద్దనే వీలుంది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1500కు పైగా దినారియస్‌లు ప్రధానంగా రోమ్ తొలి చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌లవి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి తగ్గించాక మన వైపు పాత నాణేలకే గిరాకీ ఉండేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. దక్కన్ వర్తకులు రాజు బొమ్మను కాదు, లోహాన్ని చూశారన్నమాట.

మన చరిత్ర పుస్తకాలూ అలాగే చూడాలి. ప్రతి చక్రవర్తి పేరు పక్కన పాలించిన కాలంతో పాటు ఆయన నాణెంలో వెండి శాతం కూడా అచ్చువేయాలి.