పాయింట్లు తీసేస్తే పాత బండి పరువేం పోదు

పాత పెట్రోల్ బండిలో సీబీ పాయింట్లు (ప్లగ్గుకు నిప్పు పుట్టించడానికి కాయిల్ కరెంటును తెంపే కాంటాక్ట్ బ్రేకర్లు) తీసి ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతుల వారీగా కరెంటు పంచే భాగం) బిగిస్తే ఇక అది పాత బండే కాదని మాట్లాడేవాళ్ళు మా నల్గొండ వైపు చాలామందే ఉన్నారు. పెళ్ళిలో కలిసినా, టైర్ల షాపు దగ్గర కలిసినా అదే మాట. "ఒరిజినల్‌గ ఉంచాలె అన్నా, దాన్ని ముట్టొద్దు" అంటారు. చాన్నాళ్ళు విని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నానంటే కారణం ఉంది. ఈ మాట పట్టుకుని మంచి మంచి బండ్లను షెడ్లలో పడేస్తున్నారు. దసరాకు బయటికి తీసి, కడిగి, పూజ చేసి, సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోయాక నలుగురు కలిసి మళ్ళీ లోపలికి తోసేస్తున్నారు. ఒరిజినల్‌గా కాపాడటం అంటే ఇదేనా? నేను ఒప్పుకోను.

నా దగ్గర ఉన్నది మహీంద్రా ఎఫ్‌సీ 150. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. జీపు ఇంజిన్‌నే తీసుకుని దాని మీదికి క్యాబిన్ జరిపి, వెనక లోడు బాడీ కట్టిన చిన్న ట్రక్కు అది. ముందు ముక్కు ఉండదు. ఇంజిన్ రెండు సీట్ల మధ్య డబ్బా కింద ఉంటుంది. నాయిన దాంట్లోనే బత్తాయి లోడు వేసుకుని గడ్డిఅన్నారం మార్కెట్‌కు పోయేవాడు. లోపల ఉన్నది అమెరికా జీపు కంపెనీ విల్లీస్ వాళ్ళ హరికేన్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 134 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 2.2 లీటర్లు. పాత పెట్రోల్ జీపుల్లో ఉన్నదీ ఇదే. ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. తక్కువ స్పీడులో ఎంత బరువైనా గుంజే మొండి ఇంజిన్. దీని మీద నాకున్న ప్రేమ ఎవరికీ తీసిపోదు. అందుకే దీన్ని నడిపించాలని అంటున్నాను.

పాయింట్లు చేసే పని ఏమిటో ముందు చెప్పుకుందాం, ఎందుకంటే సగం గొడవ అది తెలియకనే వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల షాఫ్టు మీద నాలుగు మూలల క్యామ్ తిరుగుతుంది. దాని పక్కన చిన్న ఫైబర్ మడమ ఉన్న పాయింట్ ఆనుకుని ఉంటుంది. క్యామ్ మూల వచ్చినప్పుడల్లా పాయింట్లు విడిపోతాయి. అప్పటిదాకా కాయిల్‌లో పారుతున్న కరెంటు టక్కున ఆగుతుంది. ఆ ఆగడంలోనే కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి, షాఫ్టు మీద తిరిగే రోటర్ మీదుగా, పైన మూత (క్యాప్) మీదుగా ప్లగ్గుకు పోతాయి. విడిపోయేటప్పుడు పాయింట్ల మధ్య నిప్పు లేవకుండా కండెన్సర్ చూసుకుంటుంది. చార్లెస్ కెటరింగ్ ఈ పద్ధతిని 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్లకు చేశాడు. నూరేళ్ళకు పైగా నిలబడిన ఆలోచన. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు.

కానీ లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పాయింట్లు 6,000 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. సెకనుకు వంద సార్లు. ప్రతిసారీ ఫైబర్ మడమ క్యామ్‌కు రాసుకుంటుంది, ప్రతిసారీ పాయింట్ల మొహాలు కొంచెం కాలతాయి. మడమ అరిగితే పాయింట్ల మధ్య గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ (నిప్పు పడే క్షణం) వెనక్కు పోతుంది. టైమింగ్ వెనక్కు పోతే పికప్ పడిపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు. కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి ఓనర్‌కు తెలియదు. "పాత బండి కదా, ఇట్లనే ఉంటది" అనుకుంటాడు. అది పాత బండి స్వభావం కాదు. గ్యాప్ 20 థౌ, అంటే అర మిల్లీమీటరు ఉండాల్సిన చోట లేకపోవడం.

ఆ గ్యాప్ పెట్టే చేతులు ఇప్పుడు ఏవి? ఒకప్పుడు నల్గొండలోనూ, దేవరకొండలోనూ, జడ్చర్లలోనూ క్యాప్ తీసి, హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పి, ఫీలర్ గేజీ (సందు కొలిచే పలుచని రేకు) ఆడించి చూసి, ఇగ్నిషన్ ఆన్ చేసి పాయింట్లు విడిపోయే క్షణాన్ని బల్బుతో పట్టే మేస్త్రీలు ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామంది పోయారు. ఉన్నవాళ్ళకు చూపు తగ్గింది. వాళ్ళ పిల్లలు స్కానర్ పెట్టి కోడ్ చూసే పని నేర్చుకున్నారు, అది వాళ్ళ తప్పు కాదు, కడుపు నింపే పని అదే. ఇప్పుడు ఎవరికైనా పాయింట్లు చూపిస్తే హ్యాక్సా బ్లేడు ముక్క గ్యాప్‌లో పెట్టి సరిపోయిందంటారు. ఆ బ్లేడు మందం దాదాపు 25 థౌ ఉంటుంది, కావాల్సింది 20. ఆ తర్వాత ఎమెరీ పేపరుతో రుద్దుతారు. దాని ఇసుక పాయింట్ల మొహాల్లో ఇరుక్కుని అవి మళ్ళీ కాలిపోతాయి. బండి మిస్సింగ్ కొడితే కార్బొరేటర్ మీద పడతారు. ఈ పరిస్థితిలో "పాయింట్లే ఉంచు" అని నాకు చెప్పేవాళ్ళు, పాయింట్లు పెట్టే మనిషిని కూడా చూపించాలి కదా.

విడిభాగాల సంగతి ఇంకా బాధ. రాణిగంజ్‌లో తిరిగితే పాయింట్ల సెట్టు దొరుకుతుంది, దొరకదని కాదు. కానీ కండెన్సర్ల మీద నమ్మకం పోయింది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, ఇంజిన్ వేడెక్కగానే పోతుంది. మా దగ్గర మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు. ఎఫ్‌సీ ఇంజిన్ డబ్బా లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. పాత స్టాకు కండెన్సర్ దొరికిన రోజున బంగారం దొరికినట్టు దాచుకునే రోజులొచ్చాయి.

ఒరిజినాలిటీ మాట్లాడేవాళ్ళకు ఒక ప్రశ్న. మన పాలమూరు, నల్గొండ జిల్లాల్లో తిరిగిన పెట్రోల్ జీపుల్లో సొంత ఇంజిన్‌తో ఉన్నవి ఎన్ని? పెట్రోల్ ఖర్చు భరించలేక ఆ హరికేన్ ఇంజిన్లను పీకి తుక్కు కింద అమ్మేసి, డీజిల్ ఇంజిన్లు ఎక్కించుకున్నారు. దానికోసం మౌంటింగులు కోశారు, సైలెన్సర్ దారి మార్చారు, గేర్‌బాక్సు కూడా మార్చినవాళ్ళున్నారు. ఆ జీపుల్లో సర్వీసు కొట్టి కుటుంబాలు బతికాయి, నేను తప్పు పట్టను. కానీ ఆ జీపునే చూపించి "ఇది మా తాత జీపు, ఒరిజినల్" అని మీసం తిప్పే మనిషి, సొంత ఇంజిన్‌ను కాపాడుకోవడానికి డిస్ట్రిబ్యూటర్ మార్చిన నన్ను తప్పు పట్టడం ఏం న్యాయం? నేను ఒక్క రంధ్రం కొత్తగా వెయ్యలేదు, ఒక్క చోట కోయలేదు. బిగింపు బోల్టు విప్పితే డిస్ట్రిబ్యూటర్ బయటికొస్తుంది. పాతది నూనె రాసి, గుడ్డ చుట్టి, అట్టపెట్టెలో పెట్టాను. రేపు నా కొడుకు మళ్ళీ పాయింట్లే కావాలంటే ఒక పూట పని.

2021 జూలైలో కేంద్రం పాత బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది, నంబర్‌లో వీఏ అక్షరాలు వచ్చేది అదే. సొంత వాడకంలో ఉన్న, యాభై ఏళ్ళు దాటిన టూవీలర్లకు, ఫోర్‌వీలర్లకు అది. అందులో కూడా పెద్ద మార్పులుగా చెప్పింది ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌ల గురించి. ఒరిజినాలిటీ అంటే ప్రాణమని చెప్పుకునేవాళ్ళు ముందు ఆ మూడింటిని కాపాడితే చాలు, నా లెక్కలో.

ఇక ఎలక్ట్రానిక్ అంటే అదేదో కంప్యూటర్ అని భయపడేవాళ్ళు ఉన్నారు. అంత లేదు. షాఫ్టు మీద అయస్కాంతాలున్న చిన్న రింగు తిరుగుతుంది, పక్కన ఒక సెన్సర్ దాన్ని పసిగట్టి కరెంటు ఆపుతుంది. మాడ్యూల్ అనేది దీన్నే. అయస్కాంతానికి, కరెంటుకు మధ్య ఉన్న ఈ లక్షణాన్ని ఎడ్విన్ హాల్ 1879లోనే కనిపెట్టాడు. క్రైస్లర్ వాళ్ళు అమెరికాలో 1973 మోడల్ కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేశారు. అంటే నేను పెట్టింది ఈ కాలపు ఫ్యాషన్ కాదు, యాభై ఏళ్ళు పరీక్ష తట్టుకున్న పద్ధతి. రాసుకునే మడమ లేదు, కాలే మొహాలు లేవు, కండెన్సర్ లేదు. ఒకసారి పెట్టిన టైమింగ్ కదలదు. నా ట్రక్కు ఇప్పుడు చలికాలం పొద్దున కూడా సెల్ఫ్ తిప్పగానే అందుకుంటుంది, ఐడిల్ నిలకడగా ఉంటుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపు లేదు.

అయితే పాత డిస్ట్రిబ్యూటర్‌లోనే పాయింట్ల చోట బిగించే ఎలక్ట్రానిక్ కిట్లు అమ్మేవాళ్ళ మీద కూడా నాకు కోపమే. "పవర్ పెరుగుతది, మైలేజీ డబుల్ అయితది" అని చెప్పి అమ్ముతున్నారు. అబద్ధం. బాగా సెట్ చేసిన పాయింట్లతో బండి ఎలా నడుస్తుందో దీంతోనూ దాదాపు అలాగే నడుస్తుంది. తేడా ఏమిటంటే ఆ సెట్టింగ్ చెడిపోదు, అంతే. నాకు ఆ "అంతే" చాలు. లేని గొప్పలు చెప్పి అంటగడితే, జనం పెట్టించుకుని, మిగతా రోగాలు అలాగే ఉండి, చివరికి ఎలక్ట్రానిక్‌నే తిడతారు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు బుష్‌లు అరిగి షాఫ్టు పక్కకు ఊగుతుంటే ముందు అది బాగు చేయించాలి. లోపల అడ్వాన్స్ బరువులు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఏ సెన్సర్ పెట్టినా స్పీడు పెరిగినప్పుడు టైమింగ్ ముందుకు రాదు. మొత్తం డిస్ట్రిబ్యూటర్ మారుస్తున్నా సరే, కొత్తదాన్ని విప్పి ఆ బరువులు, స్ప్రింగులు చేత్తో కదిలించి చూడండి. ఖరీదైన మాడ్యూల్ పెట్టి పాత పగిలిన క్యాప్ వదిలేసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

వైరింగ్ దగ్గరే ఎక్కువ మాడ్యూళ్ళు చస్తున్నాయి. ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారు చేస్తే అక్కడికక్కడే పోతుంది, మళ్ళీ లేవదు. కాయిల్‌కు ముందు బల్లాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు పోయే వోల్టేజీ తగ్గించేది) ఉంటే మాడ్యూల్ పాజిటివ్ వైరును దాని తర్వాత కలపొద్దు, కీ స్విచ్ నుంచి నేరుగా పూర్తి 12 వోల్టులు ఇవ్వండి. లోపల రాగి తీగ మాత్రమే ఉండి, సప్రెషన్ (నిప్పు వల్ల వచ్చే ఎలక్ట్రికల్ గోలను అణిచే ఏర్పాటు) లేని ప్లగ్ వైర్లు ఈ సెన్సర్లను గందరగోళపెడతాయి, రెసిస్టెన్స్ ఉన్న వైర్లు వేయాలి. ఇంజిన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఎర్త్ పట్టీ గీకి శుభ్రం చేసి బిగించాలి. డైనమో ఉన్న బండ్లలో రెగ్యులేటర్ సరిగ్గా లేక వోల్టేజీ ఎగబాకితే మాడ్యూల్ కాలిపోతుంది, ముందే మీటరు పెట్టి చూడండి. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో వదిలి పాటలు వినే అలవాటు మానాలి. బాడీకి వెల్డింగ్ చేయిస్తే ముందు బ్యాటరీ వైర్లు తీయాలి. ఇవన్నీ చెప్పకుండా కిట్టు చేతిలో పెట్టి పంపేవాళ్ళు ఈ పద్ధతికి చేస్తున్న నష్టం, "ముట్టొద్దు" అనేవాళ్ళు చేసే నష్టం కంటే ఎక్కువ.

ఇంకొకటి. ఎండాకాలం బండి వేడెక్కి ఆగిపోతే ప్రతిసారీ ఇగ్నిషన్ తప్పు కాదు. ఈ కాలపు ఇథనాల్ కలిసిన పెట్రోల్ వేడికి పైపులోనే ఆవిరై పంపు గుంజలేకపోతుంది. ఆగిన వెంటనే ఒక ప్లగ్ వైరు తీసి నిప్పు వస్తుందో లేదో చూడండి. నిప్పు బాగా వస్తుంటే డిస్ట్రిబ్యూటర్ జోలికి పోకండి. పెట్రోల్ పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరపండి.

"ముట్టొద్దు" అనేవాళ్ళు చెప్పే వాటిలో నాకు న్యాయంగా అనిపించే మాట ఒకటే. పాయింట్లు చెడిపోయే ముందు చెప్పి చెడిపోతాయి, గోరుతో సర్దుకుని ఇల్లు చేరొచ్చు. మాడ్యూల్ చెప్పకుండా చస్తుంది, రోడ్డు మీద బాగు కాదు. నిజమే. మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో నల్లమలలోకి దిగాక అడవిలో మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? రాత్రి అటవీ చెక్‌పోస్టు గేటు వేసేలోపు బయటపడాలనే టెన్షన్ ఉన్నవాడికి మాడ్యూల్ మీద గుడ్డి నమ్మకం పెట్టుకోమని నేనెలా చెప్తాను? అందుకే దూరం పోయేటప్పుడు పాత డిస్ట్రిబ్యూటర్‌ను పాయింట్లు, మంచి కండెన్సర్‌తో, గ్యాప్ ముందే సెట్ చేసి సీటు కింద పెట్టుకుంటాను. దాన్ని మార్చడానికి రెండు రెంచీలు, ఒక స్క్రూడ్రైవర్ చాలు. రోటర్ ఏ దిక్కు చూస్తుందో గుర్తు పెట్టుకుని తీస్తే మళ్ళీ కూర్చోబెట్టడం కష్టం కాదు. బుల్లెట్‌కు సీబీ పాయింట్లు పెట్టుకున్న అనుభవం ఉన్నవాళ్ళకు అసలే కొత్త కాదు.

దేవరకొండ, హాలియా, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వైపు పాత పెట్రోల్ జీపు గానీ, ఎఫ్‌సీ గానీ షెడ్లో పెట్టుకున్నవాళ్ళుంటే కామెంట్లో చెప్పండి. కిట్టు కొనే ముందు రెండు సంగతులు చూసి రాయండి: బ్యాటరీ 6 వోల్టులదా 12 వోల్టులదా, ఛాసిస్‌కు కలిసిన వైరు నెగటివ్‌దా పాజిటివ్‌దా. బ్రిటిష్ డిజైన్ పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది, వాటికి వేరే కిట్టు కావాలి. ఆ రెండూ తెలిస్తే మీ బండికి ఏది సరిపోతుందో నేను చెప్తాను.