తివాచీ ముక్క, తోడికోడళ్ళ పేచీ

(రాజోలు వైపు ఒక లంక ఊరు. చిన్నకోడలి తమ్ముడు రాజమండ్రిలో ఆఫీసుకి తివాచీ వేయిస్తే 12 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు ముక్క మిగిలింది. దాంతో హాల్లోకి 6 బై 8 తివాచీ చేస్తానని చిన్నకోడలు పట్టుపట్టింది. పెద్దకోడలికి అది సుతరామూ ఇష్టం లేదు.)

పెద్దకోడలు: ముక్కలు చేసి గడపల దగ్గర వేసుకోక, హాల్లోకి ఎందుకమ్మాయ్?

చిన్నకోడలు: గడపలకి కొబ్బరిపీచు పట్టాలు ఉన్నాయి కదక్కా. కొందామంటే షాపులో 5 బై 8, లేకపోతే 6 బై 9. ఐదు మన సోఫాకి చాలదు, తొమ్మిదైతే తలుపుకి తగులుద్ది.

పెద్దకోడలు: నాలుగడుగుల ముక్క ఎనిమిది ఎలా అవుద్దే?

చిన్నకోడలు: నడిమికి కోస్తే 6 బై 4వి రెండండి. పక్కపక్కన పెట్టి అడుగున టేపు వేసి అతకడమే. ఒక్కటే జాగ్రత్త. ఇదిగో, ఇటు నిమరండి, నున్నగా ఉందా? అటు నిమిరితే గరుకు. ఆ వాలు రెండు ముక్కలకీ ఒకవైపే ఉండాలి. ఒకటి తిరగబడిందా, ఒకే తివాచీ రెండు రంగుల్లో కనపడుద్ది.

(పెద్దకోడలు ఒంగి రెండువైపులా నిమిరి చూసింది. ముచ్చటగానే ఉంది ఆవిడకి, పైకి అనదు.)

పెద్దకోడలు: మా పుట్టింట్లో ఏలూరు తివాచీ ఉండేది. దానికి ఏ టేపూ లేదు.

చిన్నకోడలు: అది మగ్గం మీద ఉన్ని ముడి ముడీ వేసి నేసిందండి. ఇది మిషను సూదులు గుడ్డలోకి పోగులు గుచ్చితే, వెనక పూసిన జిగురే వాటిని పట్టుకునుంది. కోసిన చోట ఆ పట్టు పోద్ది. అంచు కట్టకపోతే పోగులు రాలతాయి.

పెద్దకోడలు: చుట్టూ 28 అడుగుల అంచు! మన కుట్టుమిషను మీద పెడితే సూది విరుగుద్ది.

చిన్నకోడలు: మన మిషను కాదండి. కారు సీటు కవర్లు కుట్టే వాళ్ళ దగ్గర పెద్ద మిషనుంటది. అంచుకి సన్నగా రబ్బరు జిగురు పట్టించి, ఆరాక నవారు మడిచి కుట్టించేద్దాం. కోత మాత్రం నాది. బోర్లా వేసి, సుద్దగీత గీసి, ఇనపబద్ద ఆనించి, కొత్త బ్లేడుతో.

(బోర్లా ఎందుకంటే, పైనుంచి కోస్తే నూగు తెగి అంచు బోడిగా కనపడుతుంది. పోగులు ఉంగరాల్లా ఉన్న రకమైతే లెక్క మారుతుంది: పైనుంచే వరస చూసుకుని కోయాలి. దాంట్లో లేచిన పోగుని లాగితే వరసంతా ఊడొస్తుంది, కత్తెరతో కత్తిరించాలి.)

పెద్దకోడలు: అంతా బానే ఉంది. మరి చెమ్మో? వానాకాలం మన ఉప్పు డబ్బాలో నీరూరుద్ది. 2022 జూలైలో గోదారొస్తే మంచాలు ఎత్తలేక చచ్చాం, ఇదొకటా? వెనక గుడ్డ జనపనారైతే కుళ్ళిపోద్ది.

చిన్నకోడలు: చూసే తెచ్చానండి, ప్లాస్టిక్ పోగు. కుళ్ళదు.

పెద్దకోడలు: గుడ్డ కుళ్ళదు, సరే. దానికింద చేరిన దుమ్ము చెమ్మ పట్టి ముక్కిపోదూ? రోజూ తడిగుడ్డ పెట్టే నేలాయె. శ్రావణంలో ఎక్కడ ఆరేస్తావ్? తడిసిన ఆరెనిమిదిల తివాచీ మనిద్దరి వల్ల లేస్తదా?

(పెద్దకోడలి మాటల్లో గట్టిది ఇదే. మిగతాదంతా కొత్త వస్తువంటే ఉండే విసుగు.)

చిన్నకోడలు: అయితే అతకొద్దు. రెండూ విడివిడిగానే ఉంచుదాం. ఎవరికి వారు ఎత్తగలరు, కింద తుడుచుకోగలరు. జారకుండా రబ్బరు జాలీ పరుద్దాం. వానలు మొదలవ్వగానే చుట్టచుట్టి అటకెక్కించేద్దాం.

పెద్దకోడలు: అప్పుడు అంచు 28 కాదు, 40 అడుగులు.

చిన్నకోడలు: ఆయ్. పన్నెండడుగుల నవారు ఎక్కువ పడుద్ది, అంతేగా.

పెద్దకోడలు: నవారు సంగతి తర్వాత. అటక నిండా మా మరిది పాత కంప్యూటరు పెట్టెలున్నాయి. ముందు అవి దించమను మీ ఆయన్ని.