సెన్సార్ వదిలేసింది, బడ్జెట్ వదల్లేదు

యాభై ఏళ్లలో నాలుగే ఫీచర్ సినిమాలు. 1973, 1983, 1992, 2023. స్పానిష్ దర్శకుడు విక్టర్ ఎరిసె గురించి రాసేవాళ్లు ఈ ఏళ్లు వరసగా చూపించి, ఆయనో తపస్వి అంటారు. పదేళ్లకోసారి కళ్లు తెరిచి, ఓ కళాఖండం ఇచ్చి మళ్లీ ధ్యానంలోకి వెళ్లిపోతాడట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మాట ఆయనకు జరిగిన అన్యాయాన్ని అందంగా కప్పేస్తోంది. ఎరిసె సినిమాల్లో ఒకటి సగంలో ఆగిపోయింది. ఏళ్ల తరబడి రాసుకున్న ఇంకొకటి ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆ ఖాళీల్లో చాలా భాగం ఆయన కోరుకుని తెచ్చుకున్నవి కావు.

ఎరిసె 1940లో బాస్క్ ప్రాంతంలోని కరాంత్సాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసి ఏడాదే అయింది. మాడ్రిడ్ ఫిల్మ్ స్కూల్లో చదువుకుని, సినిమా విమర్శలు రాసి, 1973లో మొదటి సినిమా ‘ది స్పిరిట్ ఆఫ్ ది బీహైవ్’ తీశాడు. కథాకాలం కూడా 1940 చుట్టుపక్కలదే. కాస్తీల్ మైదానంలోని ఓయ్వెలోస్ అనే పల్లెకు లారీలో ఒక సినిమా వస్తుంది. అది 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’. ఆరేళ్ల అనా దాన్ని చూసి, ఆ రాక్షసుడు చిన్నపిల్లను ఎందుకు చంపాడని అక్కను అడుగుతుంది. వాడు చావలేదు, ఆత్మలా తిరుగుతున్నాడు అంటుంది అక్క. పొలాల అవతల పాడుబడ్డ కొట్టంలో అనాకు గాయపడ్డ మనిషి కనిపిస్తాడు. యుద్ధంలో ఓడిన పక్షంవాడని మనకు అర్థమవుతుంది. పిల్లకు మాత్రం అతనే ఆ ఆత్మ. యాపిల్ ఇస్తుంది, నాన్న కోటు తెచ్చి ఇస్తుంది. ఒక రాత్రి తుపాకులు మోగుతాయి, అంతే.

అనాగా నటించిన అనా తోరెంత్ నిజంగానే చిన్నపిల్ల. పాత్రలకు వేరే పేర్లు పెడితే తికమకపడుతోందని నటుల పేర్లే పాత్రలకు పెట్టారు. తెర మీద రాక్షసుణ్ని చూస్తూ ఆమె నోరు తెరిచే షాట్ నటన కాదు. నిజంగానే సినిమా వేసి, చూస్తున్న పిల్లల మొహాలు తీశారు. ఆ తేనెరంగు వెలుతురును పట్టిన కెమెరామన్ లూయిస్ క్వాద్రాదోకు అప్పటికే చూపు పోతోంది.

ఆ యుద్ధంలో గెలిచిన నియంత ఫ్రాంకో ఇంకా అధికారంలో ఉన్నాడు. సెన్సార్ గట్టిగా ఉంది. అయినా ఈ సినిమా కోతల్లేకుండా బయటికొచ్చి, శాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ షెల్ గెలిచింది. పిల్ల కళ్లతో చెప్పిన కథలో పేరు పెట్టి నిషేధించడానికి ఏమీ దొరకలేదు. ఆ దేశంలో జనం గొంతులు ఎలా మూగబోయాయో మాత్రం ప్రతి గదిలోనూ కనిపిస్తుంది.

అసలు దెబ్బ ప్రజాస్వామ్యం వచ్చాక తగిలింది. 1983లో వచ్చిన ‘ది సౌత్’ స్పెయిన్ ఉత్తరాన పెరిగే అమ్మాయి కథ. నాన్న దక్షిణం నుంచి వచ్చినవాడు, అక్కడ వదిలేసిన జీవితం గురించి నోరు విప్పడు. ఆయన చనిపోయాక ఆమె ఆ దక్షిణానికి బయల్దేరాలి. స్క్రిప్టులో రెండో సగమంతా దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలోనే జరగాలి. నిర్మాత ఎలియాస్ కెరెహెతా డబ్బు కారణంగా షూటింగ్ ఆపేశాడు. ఉన్నంతవరకు ఎడిట్ చేసి విడుదల చేశారు. అమ్మాయి పెట్టె సర్దుకుంటుంది, సినిమా అయిపోతుంది. మొదటి సినిమాకు అండగా నిలిచిందీ, కార్లోస్ సౌరా లాంటి దర్శకుల సినిమాలను ఫ్రాంకో కాలంలోనే కాపాడిందీ ఈ నిర్మాతే. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

దక్షిణం చూపకపోవడమే ఈ సినిమా అందమని చాలామంది విమర్శకులు మెచ్చుకున్నారు. మిగిలింది గొప్ప సినిమానే, కాదనను. కానీ ఆ పొగడ్త నాకు మింగుడుపడదు. దర్శకుడు ఎంచుకున్న మౌనం వేరు, ఆయన మీద పడ్డ మౌనం వేరు. ఎరిసె దాన్ని పూర్తికాని సినిమాగానే చెబుతూ వచ్చాడు. మనం ఆయన మాటే నమ్మాలి.

తర్వాత హువాన్ మర్సే నవల ఆధారంగా షాంఘై పేరుతో ముడిపడ్డ స్క్రిప్టు మీద ఏళ్లు గడిపాడు. అదీ చేజారింది. 2002లో ఆ నవలను ఫెర్నాండో త్రుయెబా అనే మరో దర్శకుడు సినిమాగా తీశాడు. ఈ మధ్యలో ఎరిసె పూర్తి చేయగలిగిన ఒక్క ఫీచర్ 1992 నాటి ‘డ్రీమ్ ఆఫ్ లైట్’. చిత్రకారుడు అంతోనియో లోపెస్ తన పెరట్లోని క్విన్స్ అనే పండ్ల చెట్టును గీయడానికి పెనుగులాడటమే అందులో కథ. ఎండ నిలవదు, పండ్లు బరువెక్కి కిందికి దిగుతుంటాయి. స్క్రిప్టు లేదు. నిర్మాత ఆ చిత్రకారుడి భార్య, తనూ చిత్రకారిణే అయిన మరియా మొరెనో. ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రైజ్ వచ్చింది. ఆయన పని ఆపాలని ఎవరూ అనుకోనప్పుడు ఎరిసె ఎంత నిలకడగా పని చేయగలడో చెప్పడానికి ఈ ఒక్క సినిమా చాలు.

2023లో ‘క్లోజ్ యువర్ ఐస్’ వచ్చింది. షూటింగ్ మధ్యలో నటుడు మాయమై, సినిమా ఆగిపోయిన దర్శకుడి కథ. ఆ ఆగిపోయిన సినిమాలో ఒక ముసలాయన షాంఘైలో ఉన్న కూతుర్ని వెతికి తెమ్మని మనిషిని పంపుతాడు. ఎరిసె జీవితం తెలిసినవాళ్లకు ఇక వివరించేదేముంది? మాయమైన నటుడి కూతురిగా అనా తోరెంత్ కనిపిస్తుంది. ఆమెకు ఇప్పుడు యాభై దాటాయి. కాన్ ఈ సినిమాను పోటీలోకి తీసుకోలేదు. ఆ సంగతి తనకు సమయానికి చెప్పలేదని, అందుకే ఉత్సవానికి రాలేదని ఎరిసె ‘ఎల్ పాయిస్’ పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్లు. మర్యాద తప్పని ఆ లేఖలో బతిమాలడం మాత్రం ఎక్కడా లేదు.