మాటను పరీక్షించే యాప్‌కు ముందు సరిహద్దు యాస తెలియాలి

పక్షవాతం వచ్చాక కాలూ చెయ్యీ కొంత కుదుటపడినా, చాలామందికి మాట ముద్దగానే ఉండిపోతుంది. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లకు గొంతు సన్నబడుతుంది. ఏం చెప్పాలో తెలుసు, నోరే తిరగదు. దీన్ని డాక్టర్లు డిసార్థ్రియా అంటారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో డార్లీ, ఆరన్సన్, బ్రౌన్ అనే పరిశోధకులు రోగుల మాటలను చెవితో విని, 1969లో దీన్ని రకాలుగా విడదీశారు. ఇప్పటికీ మాటకు చికిత్స చేసే స్పీచ్ థెరపిస్టు చెవే ప్రధాన ఆధారం. అలాంటి థెరపిస్టు దగ్గర్లో లేనిచోట ఫోన్ యాప్ ఆదుకుంటుందనుకోవడం న్యాయమైన ఆశే.

కానీ ఆ యాప్ ఆంధ్ర సరిహద్దు దగ్గర ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగువాళ్ల మాటను విని తీర్పు చెప్పగలదా? ఇప్పుడున్న పద్ధతిలో చెప్పలేదన్నదే నా అభిప్రాయం.

ఊపిరి ఉన్నంతసేపు 'ఆ' అనమని గొంతు వణుకు కొలవడం, 'పతక పతక' అని గబగబా పలికించి పెదాలు, నాలుక కొన, నాలుక వెనకభాగం ఎంత లయగా కదులుతున్నాయో చూడడం వరకు పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా మాటల దగ్గరే. ఇక్కడ 'చెప్పు'ని 'సెప్పు' అనేవాళ్లు ఎందరో. టీవీ వార్తల తెలుగుతో తయారైన యాప్ దాన్ని నాలుక లోపంగా లెక్కేస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా రోగి అవుతాడు. ఇంకో సంగతి. తెలుగులో హ్రస్వం సాగితే అర్థమే మారుతుంది. నెమ్మదిగా పలికే రోగి నోట 'పడు' 'పాడు'లా వినిపించొచ్చు. ఇంగ్లిష్ కోసం తయారైన కొలతలు దీన్ని పట్టించుకోవు.

అన్నిటికన్నా అన్యాయం చదివించే పరీక్ష. ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో ఒడియా చదివిన తరాలు ఇక్కడున్నాయి. వాళ్ల చేతికి తెలుగు పేరా ఇస్తే అక్షరాల దగ్గరే తడబడతారు. యాప్ ఆ తడబాటును జబ్బు ఖాతాలో వేస్తుంది. దాని బదులు గొడుగు, ఏనుగు, అరటిపండు బొమ్మలు చూపించి పేర్లు చెప్పించాలి. ముందుగా ఈ ఊళ్లలోని ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల మాటలు వాళ్ల అనుమతితో రికార్డు చేయాలి. గొంతు కూడా మనిషి గుర్తింపే కాబట్టి, ఆ రికార్డింగ్ ఎక్కడికి పోతుందో తెలుగులోనూ ఒడియాలోనూ వివరించాలి.

రోగిని పక్కవాడితో కాకుండా, అతని పోయిన నెల రికార్డింగ్‌తోనే పోల్చాలి. అదీ అదే ఫోను, నోటికి అంతే దూరం, ఫ్యాను ఆపిన గది అయితేనే. అలా యాప్ ఇచ్చిన మార్కును థెరపిస్టు విని సరిచూడకుండా రోగి చేతికి ఇవ్వకూడదు.