వరం ఇచ్చారు సరే, లెక్క ఎవరు చూడాలి?

మంగళగిరి నరసింహస్వామి కథ వింటూ పెరిగినవాళ్ళకి వరం ఎలా పనిచేస్తుందో ఎవరూ నేర్పక్కర్లేదు. పగలూ రాత్రీ కాకూడదు, లోపలా బయటా కాకూడదు, మనిషీ మృగమూ కాకూడదు, ఆయుధం తగలకూడదు. చివర్లో ఒక్కో షరతుకీ జవాబు దొరుకుతుంది: సంధ్యవేళ, గడప, సగం సింహం, గోళ్ళు. ఒక్కటి వదిలేసినా కథ కూలిపోతుంది. హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా ‘వండర్ ఉమన్ 1984’ కూడా వరం కథే. దాన్ని గ్రాఫిక్స్‌తో కాకుండా ఈ లెక్కతో కొలవాలని నా వాదన.

2020 డిసెంబరులో, హాళ్ళలో సగం సీట్లే నింపుతున్న రోజుల్లో వచ్చింది కాబట్టి మన బెజవాడలో చాలామంది ఇంట్లోనే చూసుంటారు. 151 నిమిషాలు.

రూల్ చాలా బాగుంది. కథలో ఒక మాయ రాయి ఉంది. దాన్ని పట్టుకుని కోరుకుంటే తీరుతుంది, బదులుగా మనకి విలువైనది పోతుంది. డయానా (వండర్ ఉమన్ అసలు పేరు) చనిపోయిన తన ప్రియుడు స్టీవ్‌ని కోరుకుంటుంది, బలం తగ్గిపోతూ వస్తుంది. ఆమెతో పనిచేసే బార్బరాకి బలం వస్తుంది, జాలి పోతుంది. విలన్ మాక్స్ లార్డ్ ఏకంగా తనే ఆ రాయి అయిపోవాలని కోరతాడు. అప్పట్నుంచి ఎదుటివాడి కోరిక తీర్చి బదులు ఏం లాక్కోవాలో అతనే తేలుస్తాడు, కానీ ఒళ్ళు పాడైపోతుంటుంది. మాక్స్‌గా నటించిన పెడ్రో పాస్కల్ ఆ ఆశపోతుతనం వెనకున్న భయాన్ని కూడా చూపించాడు. మొదటి భాగం విలన్ చివరికి గ్రాఫిక్స్ ఫైటుగా మిగిలిపోయాడు. ఇతను మనిషిగా గుర్తుంటాడు.

డయానా తన కోరికని వదులుకునే సీన్ ఈ సినిమాకి ప్రాణం. ఆమె వెనక్కి తిరిగి చూడదు, స్టీవ్ మాయమవడం మనకీ చూపించరు. పరిగెడుతుంటే బలం తిరిగొస్తుంది, ఆ పరుగే ఎగరడం అవుతుంది. దర్శకురాలు ప్యాటీ జెంకిన్స్ ఏడుపునీ పవర్‌నీ ఒకే కదలికలో పెట్టింది. సూపర్‌హీరో సినిమాల్లో ఇలాంటిది అరుదు.

మరి లెక్క తప్పిందెక్కడ? స్టీవ్ తిరిగొచ్చింది ఇంకో మనిషి ఒంట్లోకి. అదే సినిమాలో ఈజిప్టులో ఒకడు కోరితే ఊరి మధ్య పెద్ద గోడ శూన్యంలోంచి లేస్తుంది, ఇంకొకరు కోరితే అణ్వాయుధాలు వస్తాయి. అంత సృష్టించగల రాయికి స్టీవ్ కోసం మాత్రం పరాయి ఒళ్ళు ఎందుకు? పోనీ, అదే డయానా చెల్లించాల్సిన ధర అని రాసి ఉంటే కథ ఎక్కడికో వెళ్ళేది. నీ సుఖానికి ఒక అమాయకుడి జీవితం ఆగిపోయింది అని ఎవరో ఒకరు ఆమెని నిలదీయాలి కదా! సినిమాలో ఆ ప్రశ్న రాదు. చివర్లో మంచులో ఆ మనిషి ఎదురైతే ఆమె నవ్వి మాట్లాడుతుంది, అంతే. కట్టేస్తే ఎవరైనా నిజం చెప్పాల్సిందే అనిపించే సత్యపు తాడు పట్టుకుని తిరిగే హీరోయిన్‌కి ఇది చాలా పెద్ద లోటు.

క్లైమాక్స్‌లో గుద్దులాటకి బదులు మాటతో గెలవడం ధైర్యమైన ఆలోచన, మెచ్చుకోవాల్సిందే. కానీ మాక్స్ దగ్గర కోరికలు కోరుకున్న లోకమంతా డయానా మాట విని నిమిషాల్లో వాటిని వదిలేసుకుంటుంది. బిడ్డ బతకాలని కోరుకున్న తల్లి ఒక్కరైనా ఉండి ఉంటారు కదా, ఆమె ఎలా వదులుకుంది? అలాంటి ఒక్క ముఖం మీద అర నిమిషం కెమెరా ఆగితే చాలేది.

మాల్ ఫైటు తర్వాత ఈజిప్టు రోడ్డు ఛేజింగ్ దాకా చెప్పుకోదగ్గ ఫైటు లేదు. స్టీవ్ బట్టలు మార్చుకునే సీను సగానికి కోసేయొచ్చు. డయానా, స్టీవ్ ఎక్కి వెళ్ళే మ్యూజియం జెట్‌లో ఇంధనం ఎవరు పోశారు, అది వాషింగ్టన్ నుంచి ఆగకుండా ఈజిప్టు దాకా ఎలా వెళ్ళింది అన్నదాన్ని నేను పెద్ద తప్పు అనను, బాణసంచా మధ్య ఎగిరే ఆ సీన్ అంత అందంగా ఉంది కాబట్టి.

చీతాగా మారిన బార్బరాతో ఆఖరి ఫైటు మాత్రం చీకట్లో పెట్టి పాడుచేశారు. బార్బరాగా నటించిన క్రిస్టెన్ విగ్ అంతసేపు కట్టుకొచ్చిన పాత్ర ముఖం కూడా సరిగ్గా కనపడదు. అంత గొప్పగా చెప్పిన డయానా బంగారు కవచం రెక్కలు ఆ కాస్త ఫైటులోనే చిరిగిపోతాయి. తర్వాత బార్బరా మళ్ళీ మనిషి రూపంలో కూర్చుని ఉంటుంది. తన కోరిక తనే వదులుకుందా, వదులుకుంటే ఎందుకు? ఆ ఒక్క డైలాగుకి 151 నిమిషాల్లో చోటు దొరకలేదు.